వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండగా మన చాట్ వేరేవాళ్లు ఎలా చదువుతారు? మా తమ్ముడి ఫోన్ నేర్పిన పాఠం

ఈ సంక్రాంతికి మా ఊరు సదాశివనగర్ వెళ్లాను. కామారెడ్డి నుంచి నిజామాబాద్ వైపు 44వ నంబర్ జాతీయ రహదారి మీద వెళ్తుంటే తగిలే మండల కేంద్రం మాది. ఫోన్ల గురించి రాస్తానని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి నేను బస్సు దిగితే చాలు, చుట్టాల ఫోన్లన్నీ నా ముందుకి వచ్చేస్తాయి. స్టోరేజ్ నిండిన ఫోన్ ఒకటి, చార్జింగ్ ఎక్కని ఫోన్ ఒకటి. ఈసారి సకినాలు తింటూ కూర్చుంటే మా చిన్నమ్మ కొడుకు వచ్చాడు. కామారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ముఖం చూడగానే అర్థమైంది, ఇది స్టోరేజ్ సమస్య కాదని.

"అన్నా, నేను పెట్టని మెసేజ్‌లు నా వాట్సాప్ నుంచి పోతున్నయ్" అన్నాడు.

జరిగింది ఇది. నిజామాబాద్‌లో ఉండే మా మామకి వాడి నంబర్ నుంచి "మామా, అర్జెంట్‌గా ఐదు వేలు పంపు, రేపు ఇస్తా" అని మెసేజ్ వెళ్లింది. మామకి అనుమానం వచ్చి ఫోన్ చేశాడు కాబట్టి డబ్బులు మిగిలాయి. వాడి క్లాస్‌మేట్ ఒకతను మాత్రం ఫోన్ చేయలేదు. మూడు వేలు పంపేశాడు. మెసేజ్ పంపిన వాడు పంపగానే డిలీట్ చేస్తున్నాడు కాబట్టి మా తమ్ముడికి తన ఫోన్‌లో ఏమీ కనబడలేదు.

ఫోన్ తీసుకుని లింక్డ్ డివైజెస్ ఓపెన్ చేశాను. మూడు ఉన్నాయి. మొదటిది వాడి ల్యాప్‌టాప్. రెండోది, రెండు వారాల కింద స్కాలర్‌షిప్ కాగితాలు ప్రింట్ తీయించుకోవడానికి ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో లాగిన్ అయ్యి, లాగౌట్ చేయడం మర్చిపోయినది. మూడోది ఎవరిదో వాడికి తెలియదు.

రెండూ పీకేసి, అసలు ఏం జరిగిందో అడుగుతుంటే వాడు నన్నే అడిగాడు. "చాట్ పైన ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ అని రాసి ఉంటది కదన్నా. వాట్సాప్ వాళ్లే చదవలేరంటరు. మరి వాడెట్ల చదివిండు?"

చాలా మంచి ప్రశ్న. ఈ ఆర్టికల్ అంతా దానికి జవాబే.

ఎన్‌క్రిప్షన్ కాపాడేది దారిని

వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో అందరికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది. దానికి వాడిన టెక్నాలజీ పేరు సిగ్నల్ ప్రోటోకాల్. సిగ్నల్ యాప్‌లో ఉన్నదీ అదే. మీరు మెసేజ్ పంపగానే మీ ఫోన్‌లోనే దానికి తాళం పడుతుంది. ఆ తాళం చెవి అవతలి వ్యక్తి ఫోన్‌లో మాత్రమే ఉంటుంది. మధ్యలో ఉండే వైఫై ఓనర్, సిమ్ కంపెనీ, వాట్సాప్ సర్వర్, వీళ్లెవరి దగ్గరా చెవి ఉండదు. ఈ మాట నిజమే, అబద్ధం ఏమీ లేదు.

కానీ 'ఎండ్-టు-ఎండ్' అంటే ఒక చివర నుంచి ఇంకో చివర వరకు అని. మరి ఆ చివరలు ఏవి?

ఒకప్పుడు ఒక మనిషికి ఒక ఫోన్ మాత్రమే చివర. వెబ్ వెర్షన్ కూడా ఆ ఫోన్ ద్వారానే నడిచేది. 2021 నుంచి మల్టీ డివైజ్ వచ్చింది. ఇప్పుడు ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు డివైజ్‌లు లింక్ చేసుకోవచ్చు, మన ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అవి పని చేస్తాయి. ఇది ఎలా సాధ్యం? లింక్ చేసిన ప్రతి డివైజ్‌కీ సొంత తాళం చెవి ఉంటుంది. మీకు ఎవరైనా 'హాయ్' అని పంపితే, వాళ్ల ఫోన్ ఆ 'హాయ్'కి మీ ఫోన్ కోసం ఒక తాళం, మీ ల్యాప్‌టాప్ కోసం ఇంకో తాళం, ఇలా విడివిడిగా వేసి పంపుతుంది.

మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే. ఎన్‌క్రిప్షన్‌ని ఎవరూ పగలగొట్టలేదు. దొంగ డివైజ్ వాడి అకౌంట్‌లో ఇంకో చివరగా చేరింది. అక్కడి నుంచి ప్రతి మెసేజ్‌నీ ఎన్‌క్రిప్షన్ చాలా జాగ్రత్తగా, మధ్యలో ఎవరూ చూడకుండా, నేరుగా ఆ దొంగకే చేర్చింది!

దొంగని లోపలికి పిలిచింది ఎవరు?

వాడే. తెలియక. ఓపిగ్గా అడిగితే మూడు రోజుల కిందటి సంగతి బయటికి వచ్చింది. ఫ్రెండ్ నంబర్ నుంచి "ఇది నీ ఫొటోనే కదా?" అని ఒక లింక్ వచ్చింది. నొక్కితే ఫేస్‌బుక్ లాంటి పేజీ తెరుచుకుంది. ఫొటో చూడాలంటే వెరిఫై చేసుకో అని ఫోన్ నంబర్ అడిగింది. ఇచ్చాడు. స్క్రీన్ మీద ఒక కోడ్ చూపించి, దీన్ని వాట్సాప్‌లో ఎంటర్ చెయ్ అంది. చేశాడు. ఫొటో రాలేదు. నెట్ స్లో ఉందేమో అనుకుని మర్చిపోయాడు.

దీనికి ఒక పేరుంది: ఘోస్ట్ పెయిరింగ్. 2025 డిసెంబర్‌లో దీని మీద కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక జారీ చేసింది. హైదరాబాద్ పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ కూడా అదే నెలలో ఇలాంటి లింకులు నొక్కొద్దని చెప్పారు.

ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. వాట్సాప్ వెబ్‌ని క్యూఆర్ కోడ్‌తోనే కాకుండా ఫోన్ నంబర్‌తో కూడా లింక్ చేయొచ్చు. నంబర్ ఇస్తే వెబ్ పేజీ ఎనిమిది అక్షరాల కోడ్ చూపిస్తుంది, దాన్ని మన ఫోన్‌లో కొడితే లింక్ అయిపోతుంది. దొంగ చేసేదల్లా మధ్యలో కూర్చోవడమే. మీరు ఫేక్ పేజీలో ఇచ్చిన నంబర్‌ని వాడు అసలు వాట్సాప్ వెబ్‌లో ఇస్తాడు. అక్కడ వచ్చిన కోడ్‌ని ఫేక్ పేజీలో మీకు చూపిస్తాడు. మీరు మీ చేత్తో మీ ఫోన్‌లో కొడతారు. అంతే, వాడి బ్రౌజర్ మీ లింక్డ్ డివైజ్.

ఇందులో పాస్‌వర్డ్ దొంగతనం లేదు, సిమ్ స్వాప్ లేదు, ఓటీపీ చెప్పడం కూడా లేదు. మీ వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది. కొత్త మెసేజ్‌లతో పాటు ఇటీవలి పాత చాట్‌లు కూడా ఆ బ్రౌజర్‌లోకి వెళ్లిపోతాయి. మీ కాంటాక్ట్స్‌కి మళ్లీ అదే "ఇది నీ ఫొటోనే కదా?" వెళ్తుంది. తెలిసినవాళ్ల నంబర్ కాబట్టి వాళ్లూ నొక్కుతారు.

మా తమ్ముడికి డబ్బుల కంటే ఎక్కువ భయం వేసింది ఇంకో విషయంలో. ఆ జిరాక్స్ పని కోసం వాడు తనకి తానే పంపుకున్న మెసేజ్‌లలో చిన్నమ్మ ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్ ఫొటోలు ఉన్నాయి. ఆ మూడు రోజుల్లో వాటిని అవతలివాడు చూశాడా, సేవ్ చేసుకున్నాడా? తెలుసుకునే దారి లేదు. మెసేజ్ లీక్ అయితే అంతే, వెనక్కి తీసుకోలేం.

మనం పట్టించుకోని మిగతా చివరలు

లింక్డ్ డివైజ్ ఒక్కటే కాదు. తాళం లేకుండా మెసేజ్ కనబడే చోట్లు ఇంకా ఉన్నాయి.

మొదటిది బ్యాకప్. ఆండ్రాయిడ్‌లో గూగుల్ అకౌంట్‌కి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌కి చాట్ బ్యాకప్ వెళ్తుంది. దీనికి కూడా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే ఆప్షన్‌ని వాట్సాప్ 2021 అక్టోబర్‌లో తెచ్చింది. కానీ అది మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేయకపోతే దారిలో గట్టి తాళం, గోదాములో తాళమే లేదు అన్నట్టు ఉంటుంది.

రెండోది అవతలి మనిషి. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా, అవతలి వాళ్లు స్క్రీన్‌షాట్ తీస్తే ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. ఊరి గ్రూపులో మక్కల రేటు గురించి పెట్టే మెసేజ్‌కి పర్వాలేదు. కానీ అదే గ్రూపులో "ఇది సరిపోతదా సార్?" అంటూ ఆధార్ ఫొటో పెట్టేవాళ్లని నేను కళ్లారా చూశాను. అంతమందికి ఇచ్చింది ఎన్‌క్రిప్ట్ అయ్యి వెళ్తే ఎంత, మామూలుగా వెళ్తే ఎంత?

మూడోది ఏపీకే ఫైల్. పెళ్లి పత్రిక అనీ, ట్రాఫిక్ చలాన్ అనీ, పీఎం కిసాన్ అనీ పేరు పెట్టి వస్తుంది. పెళ్లి పత్రిక అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా ఎందుకు వస్తుంది? ఏపీకే అంటే యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే అది మీ ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు చదువుతుంది. ఫోనే వాడి చేతిలోకి వెళ్లాక ఏ యాప్ ఎంత సెక్యూర్ అన్న చర్చ దండగ. దీనికి పెద్ద ఉదాహరణ పెగాసస్. 2019లో వాట్సాప్ కాలింగ్‌లో ఉన్న ఒక లోపం ద్వారా, కాల్ ఎత్తకపోయినా ఫోన్‌లోకి చొరబడే ఈ స్పైవేర్ సుమారు 1,400 ఫోన్ల మీద ప్రయోగించారని వాట్సాప్ కోర్టుకెళ్లింది. అప్పుడు కూడా పగిలింది ఎన్‌క్రిప్షన్ కాదు, ఫోన్. మనలాంటి వాళ్ల మీద ఎవరూ అంత ఖర్చు పెట్టరు. మన మీదికి వచ్చేది ఆ పెళ్లి పత్రికే.

నాలుగోది మన చేతిలో ఉన్న అన్‌లాక్ అయిన ఫోన్. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గాంజా' అని సెర్చ్ చేస్తున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చే జరిగింది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం చెప్పిన దేశం మనది. అది తప్పా ఒప్పా అన్నది వేరే ఆర్టికల్. ఇక్కడ మనకి కావలసిన టెక్నికల్ పాయింట్ ఒకటే: అన్‌లాక్ చేసి చేతికిచ్చిన ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ అనేదే లేదు. మీ ఎదురుగా ఉన్నది పోలీస్ అయినా, ఫ్రెండ్ అయినా, ఫోన్ రిపేర్ షాపతను అయినా ఇది మారదు.

మెసేజ్ చదవకపోయినా తెలిసిపోయేవి

ఇప్పుడు కంపెనీల సంగతి. కామారెడ్డి బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గోలో ఒక డబ్బా వేశామనుకోండి. సీల్ వేసి ఉంది, కౌంటర్‌లో అతను విప్పి చూడడు. కానీ ఎవరు పంపారు, ఎవరికి, ఎన్ని కిలోలు, ఏ టైముకి, నెలకి ఎన్నిసార్లు పంపుతున్నారు, ఇవన్నీ అతనికి తెలుసు. మెసేజింగ్‌లో ఈ పైపై సమాచారాన్నే మెటాడేటా అంటారు. రాత్రి రెండింటికి ఒక డాక్టర్‌కి నాలుగు కాల్స్, పొద్దున్నే ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఒకటి. లోపల ఏం మాట్లాడారో తెలియకపోయినా కథ అర్థమైపోతుంది కదా.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు గొడవ దీని గురించే. ఫిబ్రవరి 8 లోపు ఒప్పుకోవాలి అంది, గోల పెరిగాక మే 15కి వాయిదా వేసింది. అప్పుడు చాలామంది వాట్సాప్ మెసేజ్‌లు ఫేస్‌బుక్ చదివేస్తోంది అని ప్రచారం చేశారు. అది కాదు. విషయం మెటాడేటా, బిజినెస్ చాట్‌లు, వాటిని మెటా గ్రూపు కంపెనీలతో పంచుకోవడం. ఒప్పుకో లేదా వెళ్లిపో అన్న ఆ పద్ధతి మీదే 2024 నవంబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మెటాకి 213.14 కోట్ల జరిమానా వేసింది. తర్వాత కేసు అప్పీలుకి వెళ్లింది.

మరి ఏ యాప్ వాడాలి?

టెలిగ్రామ్ చాలా సెక్యూర్ అని మన కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది. నిజం ఏంటంటే, టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు, గ్రూపులు, ఛానెళ్లు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ కావు. అవి టెలిగ్రామ్ సర్వర్లలో ఉంటాయి, అందుకే ఏ ఫోన్‌లో లాగిన్ అయినా పాత మెసేజ్‌లన్నీ వచ్చేస్తాయి. ఎండ్-టు-ఎండ్ కావాలంటే విడిగా సీక్రెట్ చాట్ మొదలుపెట్టాలి. నంబర్ కనబడకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడటం, పెద్ద ఫైళ్లు పంపడం, వీటికి టెలిగ్రామ్ బాగుంటుంది. రహస్యాలకి కాదు.

సిగ్నల్‌లో అన్నీ డిఫాల్ట్‌గానే ఎండ్-టు-ఎండ్. మెటాడేటా కూడా చాలా తక్కువ దాస్తుంది. 2016లో అమెరికా కోర్టు నుంచి ఒక యూజర్ వివరాలు ఇవ్వమని ఆర్డర్ వస్తే, వాళ్లు ఇవ్వగలిగింది రెండే: అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిగా ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. మిగతావి వాళ్ల దగ్గర లేనే లేవు. సమస్య ఒక్కటే, మా ఊళ్లో సిగ్నల్ వాడేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చిన్నమ్మ వాట్సాప్‌లో ఉంటే నేను సిగ్నల్‌లో కూర్చుని ఏం చేయాలి?

అందుకే నా సలహా యాప్ మార్చమని కాదు. నిజంగా రహస్యంగా ఉండాల్సిన ఒకరిద్దరితో సిగ్నల్ వాడండి. మిగతా అందరితో వాట్సాప్ వాడండి, కానీ చివరలకి తాళం వేసుకుని వాడండి. ఒకటి గుర్తుంచుకోండి, సిగ్నల్‌కీ లింక్డ్ డివైజ్‌లు ఉన్నాయి. తెలియని క్యూఆర్ స్కాన్ చేస్తే అక్కడా ఇదే కథ.

పది నిమిషాల పని

ఆ రోజు తమ్ముడి ఫోన్‌లో, తర్వాత ఇంట్లో అందరి ఫోన్లలో నేను చేసినవి ఇవి. మీరూ చేయండి.

1. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరవండి. మీది కానిది, గుర్తులేనిది ఏదున్నా దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి.

2. సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. మీ నంబర్‌తో ఇంకో ఫోన్‌లో వాట్సాప్ తెరవాలనుకునే వాడిని ఇది ఆపుతుంది. అయితే ఘోస్ట్ పెయిరింగ్‌ని ఇది ఆపదు. అది వేరే తలుపు. దానికి మొదటి పాయింటే మందు.

3. చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ పెడితే ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మర్చిపోతే వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు.

4. ప్రైవసీలో గ్రూప్స్‌ని 'మై కాంటాక్ట్స్' చేయండి. ఎవడు పడితే వాడు ట్రేడింగ్ గ్రూపుల్లో చేర్చడం ఆగుతుంది. అక్కడే కాల్స్‌లో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ కూడా ఆన్ చేయండి.

5. ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి, ఫైల్ మేనేజర్‌కి 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' పర్మిషన్ తీసేయండి. పొరపాటున ఏపీకే నొక్కినా నేరుగా ఇన్‌స్టాల్ అవ్వదు.

6. జిరాక్స్ షాపులో వాట్సాప్ వెబ్ లాగిన్ కావద్దు. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. తప్పనిసరి అయితే పని కాగానే అక్కడే నిలబడి, మీ ఫోన్ నుంచే లాగౌట్ చేయండి. ఆధార్ ఇవ్వాల్సిన చోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి.

ఇప్పటికే మోసం జరిగి ఉంటే ముందు డివైజ్ లాగౌట్ చేయండి. తర్వాత స్టేటస్‌లో, గ్రూపుల్లో "నా పేరుతో డబ్బులు అడిగితే పంపొద్దు" అని వెంటనే పెట్టండి. డబ్బులు పోయి ఉంటే 1930కి కాల్ చేయండి, సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో కంప్లయింట్ ఇవ్వండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మా తమ్ముడి క్లాస్‌మేట్‌తో ఆ రోజే 1930కి చేయించాం. ఈ ఆర్టికల్ రాసే సమయానికి ఆ మూడు వేలు ఇంకా వెనక్కి రాలేదు.

చివరిగా

ఊరి నుంచి వచ్చే ముందు తమ్ముడు అన్న మాట చెప్పి ముగిస్తాను. "నా తప్పే అన్నా, అందుకే మూడు రోజులు ఎవ్వరికి చెప్పలే" అన్నాడు. నిజానికి వాడికి మొదటి రోజు సాయంత్రమే ఏదో తేడాగా అనిపించిందట. తిడతారని, నవ్వుతారని దాచుకున్నాడు. ఆ మూడు రోజులే దొంగకి కావలసింది.

సెట్టింగ్స్ అన్నీ నేను చెప్పగలను కానీ ఇది సెట్టింగ్స్‌లో లేదు. మీ ఇంట్లో తమ్ముడో, చెల్లో, అమ్మో వచ్చి "ఏదో లింక్ నొక్కిన" అంటే ముందు తిట్టకండి. ఫోన్ తీసుకుని లింక్డ్ డివైజెస్ తెరవండి. ఈ ఆర్టికల్ మూసేలోపు మీ ఫోన్‌లో కూడా ఒకసారి చూసుకోండి. అక్కడ ఎన్ని పేర్లు ఉన్నాయి, అందులో మీవి ఎన్ని?